ఆఫీసు కాగితాలకు వర్క్‌ఫ్లో సిస్టమ్ పెట్టేముందు ఏం తేల్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సుమారు 150 మంది పనిచేసే ఆఫీసు మీది. కొనుగోలు అభ్యర్థనలు, బిల్లులు, సెలవు కాగితాలు, బయటి నుంచి వచ్చే ఉత్తరాలు కొన్ని చేతుల మీదుగా, కొన్ని ఈమెయిల్లో తిరుగుతున్నాయి. ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. పైవాళ్లు ఒక వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్, అంటే కాగితాన్ని మెట్టు మెట్టుగా ఒకరి నుంచి ఇంకొకరికి నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టమన్నారు, ఆ బాధ్యత మీ మీద పడింది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, సిబ్బందిలో ఉన్న టెన్షన్ ఎలా పోగొట్టాలి అని అడిగారు.

ఈ పనిలో నేను 18 ఏళ్లుగా ఉన్నాను. సాఫ్ట్‌వేర్ పేరు చివర చెప్తాను, ఎందుకంటే అది చివర తేల్చుకోవాల్సిన విషయమే. సజావుగా సాగే కాగితాన్ని ఏ సాఫ్ట్‌వేరైనా నడిపిస్తుంది. కాగితం వెనక్కి వచ్చినప్పుడు, సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉన్నప్పుడు, మధ్యలో డబ్బు అంకె మారినప్పుడు, అనుకోని చోటికి పంపాల్సి వచ్చినప్పుడు సిస్టమ్ ఏం చేస్తుంది? ఈ ప్రశ్నలకు మీ ఆఫీసు జవాబులు ముందు మీ దగ్గర ఉండాలి. నేను చూసిన సిస్టమ్‌లలో మూలన పడ్డవన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒక దగ్గరే దెబ్బతిన్నాయి.

మొదట ఒక్క కాగితం వెంట నడవండి. మీటింగ్ పెట్టి "మీ పద్ధతి ఏమిటి" అని అడిగితే ఎవరైనా రూలు పుస్తకంలో ఉన్నదే చెప్తారు. నేను ఒక ఆఫీసులో ఒక కొనుగోలు అభ్యర్థనకు చిన్న చీటీ పిన్ను చేసి వదిలాను. చీటీలో నాలుగు గడులు: చేతికి ఎప్పుడు వచ్చింది, పని ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు పంపేశారు, వెనక్కి పంపితే ఎందుకు. ఆ కాగితం తిరిగి తిరిగి నా దగ్గరికి రావడానికి 13 పనిదినాలు పట్టింది. దాని మీద అందరూ కలిసి పనిచేసిన సమయం కూడితే గంట కూడా లేదు. మిగతా కాలమంతా అది ట్రేలలో పడుకుంది. రెండుసార్లు వెనక్కి వచ్చింది, రెండుసార్లూ కారణం ఒకటే: ఏ బడ్జెట్ పద్దు కింద ఖర్చు రాయాలో లేదు. ఫారం తీసి చూస్తే ఆ పద్దు రాయడానికి అసలు గడే లేదు.

అదే చీటీలో ఇంకో విషయం బయటపడింది. మేనేజర్ సంతకానికి ముందు కాగితం ఎకౌంట్స్‌లో ఒక సీనియర్ గుమస్తా దగ్గర అరరోజు ఆగింది. పద్ధతి ప్రకారం ఆయన పేరు ఎక్కడా లేదు. వెళ్లి అడిగాను. ఆయన లెక్కలు చూసి, మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడతారు. ఆ టిక్కు లేకపోతే మేనేజర్ సంతకం పెట్టరు, ఉంటే చదవకుండానే పెడతారు. మేము రాసి ఉన్న పద్ధతి మాత్రమే చూసి సిస్టమ్ కట్టి ఉంటే ఆ పెన్సిల్ టిక్కు మాయమయ్యేది. మేనేజర్ తెర మీదికి కాగితాలు టిక్కు లేకుండా వచ్చి పడేవి. ఆయన ఒక్కోదాన్నీ మొదటి నుంచి చదువుతూ కూర్చునేవారు, లేదా అన్నీ అలాగే పెండింగ్‌లో పెట్టేవారు. నింద మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడేది. ఆ టిక్కును మేము "లెక్కల పరిశీలన" అనే ఒక మెట్టుగా సిస్టమ్‌లో పెట్టాం. ఆ గుమస్తా పనికి మొదటిసారి ఒక పేరు వచ్చింది.

ఇది నాకొక్కడికే ఎదురైన సంగతి కాదు. జిరాక్స్ కంపెనీకి చెందిన పార్క్ (PARC) అనే పరిశోధనశాలలో పనిచేసిన మానవశాస్త్రవేత్త లూసీ సచ్‌మన్ 1983లోనే ఆఫీసు పద్ధతుల మీద రాస్తూ దీన్ని పట్టుకున్నారు. ఆఫీసులో మనుషులు పద్ధతిని మెట్టు మెట్టుగా అమలు చేసే యంత్రాల్లా పనిచేయరు, చివరికి రికార్డు పద్ధతి ప్రకారం తేలేలా దారిలో ఎన్నో సర్దుబాట్లు చేస్తారు అని ఆమె చూపించారు. మనం కట్టే సిస్టమ్ ఆ సర్దుబాట్లకు చోటివ్వాలి. చోటివ్వకపోతే అవి వాట్సాప్‌లోకి, ఫోన్లలోకి వెళ్లిపోతాయి.

కనీసం పది కాగితాలకు ఇలా చీటీ పెట్టండి. అంత సమయం లేకపోతే ఒక సులువైన లెక్క ఉంది. రోజుకు సగటున ఎన్ని కాగితాలు వస్తున్నాయో, ఈరోజు మొత్తం ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో లెక్కపెట్టండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఒక్కో కాగితం సగటున ఎన్ని రోజులు ఉంటోందో వస్తుంది. రోజుకు 20 వస్తూ 300 పెండింగ్ ఉంటే సగటున 15 రోజులు. రాక, పోక సుమారుగా సమానంగా ఉన్నంతకాలం ఈ లెక్క నిలుస్తుంది. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో దీన్ని గణితపరంగా నిరూపించారు. సిస్టమ్ పెట్టకముందు ఈ అంకె రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత "ఏం బాగుపడింది" అని పైవాళ్లు అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదే.

ఇక దారి గీయడం. కాగితం నడిచే దారులు మొత్తం మీద కొన్ని రకాలే: ఒకరి తర్వాత ఒకరికి, ఇద్దరికీ ఒకేసారి, షరతును బట్టి అటో ఇటో, ముగ్గురిలో ఎవరైనా ఇద్దరు ఒప్పుకుంటే చాలు, ఇలాంటివి. వీటిని గీయడానికి బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతి ఉంది. మొదటి రూపం 2004లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్న 2.0 రూపం 2011లో, 2013లో అది ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అయింది. గుర్తులన్నీ నేర్చుకోనక్కర్లేదు. గుండ్రం, పెట్టె, బాణం, రెండు రకాల డైమండ్ గుర్తులు చాలు. ఎక్స్ ఉన్న డైమండ్ దగ్గర దారుల్లో ఒక్కటే ఎంచుకుంటారు, ప్లస్ ఉన్నదాని దగ్గర అన్ని దారుల్లోనూ ఒకేసారి వెళ్తారు.

ఆ రెండింటినీ కలగలిపితే ఏమవుతుందో చెప్తాను, ఇది చాలాచోట్ల జరుగుతుంది. పెద్ద బిల్లయితే న్యాయ విభాగానికి, చిన్నదైతే నేరుగా ఫైనాన్స్‌కి అని ఎక్స్ డైమండ్ పెట్టారు. తర్వాత రెండు దారులూ కలిసే చోట పొరపాటున ప్లస్ డైమండ్ పెట్టారు. ప్లస్ అంటే "రెండు వైపుల నుంచీ వచ్చేదాకా ఆగు" అని. వచ్చేది మాత్రం ఒక్క వైపు నుంచే. బిల్లు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉండిపోతుంది. ఎవరి ట్రేలోనూ కనబడదు కాబట్టి ఎవరికీ తెలియదు. జర్మన్ గణితవేత్త కార్ల్ ఆడమ్ పెట్రీ 1962లో తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించిన నెట్‌ల (పని నడిచే తీరును గణితంగా చూపే బొమ్మల) మీద ఆధారపడి, డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త విల్ వాన్ డెర్ ఆల్స్ట్ వర్క్‌ఫ్లోలకు ఒక పరీక్ష ఇచ్చారు. మొదలైన ప్రతి కేసుకూ ముగిసే దారి ఉండాలి, ముగిశాక దాని తాలూకు పని ఎక్కడా మిగిలి ఉండకూడదు, ఎప్పటికీ చేరుకోలేని మెట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. మీరు గణితం చేయనక్కర్లేదు. గీసిన బొమ్మను గోడకు అంటించి, ఒక నాణెం పెట్టి, ప్రతి షరతుకూ చేత్తో జరుపుతూ చివరిదాకా తీసుకెళ్లండి. ప్లస్ దగ్గరికి వచ్చినప్పుడు నాణేన్ని రెండు చేయండి, కలిసే చోట మళ్లీ ఒకటి చేయండి. ఒక మధ్యాహ్నం పని, నెలల తలనొప్పి తప్పుతుంది.

దారి మీద మనుషుల పేర్లు రాయకండి, పదవులు రాయండి. ఇది అందరూ చెప్పేదే కాబట్టి పొడిగించను. దాని పక్కనే ఉన్న సెలవుల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి.

ఒక ఆఫీసులో సిస్టమ్ పెట్టిన మూడు వారాలకు ఫైళ్లు ఎలా కదులుతున్నాయో చూడటానికి వెళ్లాను. ఆమోదాలన్నీ చకచకా పడుతున్నాయి. ఆమోదించే అధికారి పది రోజులుగా సెలవులో ఉన్నారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆయన సహాయకురాలి కీబోర్డు కింద పసుపు చీటీ మీద ఆయన పాస్‌వర్డ్ రాసి ఉంది. ఆమె తప్పేమీ లేదు. పని ఆగకూడదని ఆయనే ఇచ్చి వెళ్లారు, మేము కట్టిన సిస్టమ్‌లో ఇంకో దారి లేదు. ఆ పది రోజుల రికార్డులో ఆయన చూడని కాగితాలన్నీ "ఆయన ఆమోదించినట్టు" శాశ్వతంగా ఉండిపోయాయి. ఆ రోజు నుంచి నేను ఏ సిస్టమ్ చూసినా మొదట అడిగేది ఇదే: సెలవుకు వెళ్లే మనిషి తన అధికారాన్ని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా రకం కాగితాలకు, ఫలానా మొత్తం వరకు ఇంకొకరికి రెండు నిమిషాల్లో అప్పగించగలరా? అప్పగించాక ఆ రెండో మనిషి తన సొంత లాగిన్‌తోనే ఆమోదిస్తే, రికార్డులో "వీరి తరఫున వారు" అని రెండు పేర్లూ పడతాయా? అనుకోకుండా ఆసుపత్రి పాలైన మనిషి తరఫున అప్పగించే అధికారం ఇంకెవరికైనా ఉందా? మనిషి తాను సృష్టించిన బిల్లును తానే ఇన్‌ఛార్జి హోదాలో ఆమోదించుకోకుండా సిస్టమ్ ఆపుతుందా?

ఇప్పుడు వెనక్కి పంపడం. నా దృష్టిలో వర్క్‌ఫ్లో పనిలో సగం ఇదే. బొమ్మల్లో బాణాలు ముందుకు వెళ్తాయి, ఆఫీసులో కాగితాలు వెనక్కి వస్తాయి. "వెనక్కి పంపు" అనే బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి? అంతకుముందు మెట్టుకా, మొదట పెట్టిన మనిషికా? నేనైతే పంపేవాళ్లనే ఎంచుకోనిస్తాను, కారణం రాయకుండా మాత్రం పంపనివ్వను. కారణాన్ని నాలుగైదు రకాలుగా జాబితా నుంచి ఎంచుకునేలా చేసి, కింద సొంత మాటల్లో రాయడానికి చోటు ఇవ్వండి. మూడు నెలలయ్యాక ఆ జాబితాలో ఏ కారణం ఎక్కువ సార్లు పడిందో చూస్తే ఫారంలో ఏ గడి లోపించిందో అదే చెప్తుంది. నేను చెప్పిన బడ్జెట్ పద్దు లాంటిదన్నమాట.

సరిచేసి మళ్లీ పంపినప్పుడు ఎక్కడ మొదలవ్వాలి? అక్షరదోషం దిద్దినందుకు ఐదుగురూ మళ్లీ చూడాలంటే జనానికి విసుగు. అలాగని డబ్బు అంకె మారినా పాత ఆమోదాలు అలాగే ఉంటే అది మోసానికి తలుపు తీయడమే. కాబట్టి గడులను రెండు రకాలుగా విడదీయండి. డబ్బు అంకె, అమ్మకందారు, బ్యాంకు ఖాతా, తేదీల లాంటివి మారితే పాత ఆమోదాలన్నీ రద్దు. వివరణ, చిరునామాలో చిన్న సవరణ లాంటివైతే వెనక్కి పంపిన మెట్టు దగ్గరికే నేరుగా వస్తుంది. జతచేసిన పత్రం మార్చినా పాత ప్రతి పోకూడదు. ఎవరు ఏ ప్రతి చూసి ఆమోదించారో ఏడాది తర్వాత కూడా తెరిచి చూపించగలగాలి. ఆడిటర్ అడిగేది సంతకం ఉందా అని ఒక్కటే కాదు, దేని మీద పెట్టారని కూడా.

దారిని మధ్యలో మార్చాల్సి వస్తుంది, తప్పదు. కొత్త విభాగం వస్తుంది, ఆమోద పరిమితి మారుతుంది. అప్పటికే సగం దారిలో ఉన్న కాగితాల సంగతేమిటి? చాలా సిస్టమ్‌లు పాత కేసులను పాత దారిలోనే ముగిస్తాయి, కొత్తవాటిని కొత్త దారిలో నడుపుతాయి. సాధారణంగా అది సరైన పద్ధతే. కానీ పాత దారిలో ఉన్న పదవినే రద్దు చేస్తే ఆ కేసులు దిక్కులేనివైపోతాయి. సిస్టమ్‌ను నిర్వహించే అడ్మిన్‌కు ఒక కేసును చేత్తో ఎత్తి ఇంకో మెట్టులో పెట్టే వీలుండాలి. అలా పెట్టినప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది చెరపలేని విధంగా నమోదు కావాలి.

రిమైండర్ల విషయంలో చేయి బిగించండి. ప్రతి కాగితానికీ ఒక ఈమెయిల్, రోజూ ఒక హెచ్చరిక, మూడో రోజు పైఅధికారికి కాపీ అని మొదటి రోజే పెడితే రెండు వారాల్లో అందరూ ఆ మెయిళ్లను నేరుగా ఒక ఫోల్డర్‌లోకి వెళ్లేలా చేసుకుంటారు. తర్వాత నిజమైన అత్యవసరం కూడా అందులోనే కలిసిపోతుంది. పొద్దున ఒకే మెయిల్, అందులో మీ దగ్గర ఉన్నవి పాతవి ముందు వచ్చేలా ఒక పట్టిక, ఇది చాలు. ఒకే పని చేసేవాళ్లు నలుగురుంటే ఒక్కొక్కరికీ పంచకండి. నలుగురికీ ఒకే క్యూ పెట్టి, ఖాళీ అయినవాళ్లు పైనుంచి ఒకటి తీసుకునేలా చేయండి. ఒకరు సెలవు పెట్టినా ఏదీ ఆగదు.

సిబ్బంది భయం గురించి అడిగారు. ఆ భయం నిజమైనదే, "మార్పంటే జనానికి ఇష్టం ఉండదు" అని తీసిపారేయకండి. ఇంతకాలం ట్రేలో ఏముందో ఎవరికీ తెలియదు, రేపటి నుంచి నిమిషాలతో సహా కనబడుతుంది. ఆ అంకెలతో ఏం చేస్తారన్నది వాళ్ల అసలు ప్రశ్న. దానికి జవాబు మీ పైవాళ్లతో ముందే మాట్లాడి, కాగితం మీద పెట్టించి, అందరికీ చదివి వినిపించండి. రిపోర్టులు మెట్ల వారీగా ఉంటాయి, మనుషుల వారీగా ర్యాంకులు ఉండవు, మొదటి ఆరు నెలల అంకెలు ఎవరి పనితీరు మదింపులోనూ వాడరు అని. అంకెలు మనిషి మీదికి తిరిగిన చోట ఏం జరుగుతుందో చూశాను. గడువు దాటకూడదని సాయంత్రం నాలుగున్నరకు కుప్పలు కుప్పలుగా ఫైళ్లు "వివరణ కోరుతూ" వెనక్కి పంపేవారు. గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. రిపోర్టు బాగుండేది, కాగితం మాత్రం అక్కడే ఉండేది. అందుకే మెట్టు దగ్గర పట్టిన సమయంతో పాటు, మొదటి నుంచి చివరిదాకా పట్టిన మొత్తం సమయం కూడా చూడండి.

పత్రాలు దాచడం వేరు, వాటిని నడపడం వేరు, ఎన్నేళ్లు ఉంచి ఎప్పుడు తీసేయాలన్నది మరొకటి. మూడూ ఒకే పెట్టెలో దొరకవచ్చు కానీ మీరు మూడుగానే ఆలోచించండి. పత్రం ఒకే చోట ఉండాలి, దారిలో తిరిగేది దాని లింకు మాత్రమే. అటాచ్‌మెంట్‌గా తిరిగితే ఐదుగురి దగ్గర ఐదు ప్రతులవుతాయి. స్కాన్ చేసేవి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చేస్తే చదవడానికీ, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కూ సరిపోతుంది. చాలాకాలం ఉంచాల్సినవి పీడీఎఫ్-ఏ రూపంలో పెట్టండి. దీర్ఘకాలం భద్రపరచడం కోసమే 2005లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన రూపం అది. ఫాంట్లు ఫైలులోనే ఉంటాయి కాబట్టి ఏళ్ల తర్వాత తెరిచినా అక్షరాలు చెదరవు. వెతకడానికి గడులు ఐదారుకు మించి పెట్టకండి. ఇరవై గడులు పెడితే జనం చుక్కలు పెట్టి వదిలేస్తారు. ఇంకొకటి: ఎవరు చూడగలరో పరీక్షించేటప్పుడు చూడకూడని మనిషి లాగిన్‌తో కూర్చుని వెతికి చూడండి. ఫైలు తెరుచుకోకపోయినా వెతుకులాట ఫలితాల్లో "ఫలానావారి క్రమశిక్షణ చర్య" అని పేరు కనబడితే గుట్టు బయటపడ్డట్టే.

ఇక సాఫ్ట్‌వేర్. ఫైల్‌నెట్ కంపెనీ 1985 ప్రాంతంలో స్కాన్ చేసిన పత్రాలను బల్ల నుంచి బల్లకు నడిపే వర్క్‌ఫ్లో అమ్మింది. వేర్వేరు కంపెనీల సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1993లో ఒక కూటమి ఏర్పడి, 1995లో ఒక నమూనా నిర్మాణం ప్రకటించింది. అంటే ఇది ముదిరిన రంగమే, కొత్త పేరు చూసి మోజుపడనక్కర్లేదు. మీరు ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే పత్రాలు దాచే షేర్‌పాయింట్, వాటిని నడిపే పవర్ ఆటోమేట్ జంట సెలవులు, చిన్న ఆమోదాల లాంటి వాటికి సరిపోతుంది. మెట్లు ఎక్కువై, షరతులు చిక్కనై, సొంత ప్రోగ్రామర్లు ఉంటే కముండా లాంటి, బీపీఎంఎన్ బొమ్మను నేరుగా నడిపే ఇంజిన్ చూడండి. పత్రాల నిల్వే ప్రధానమైతే ఆల్ఫ్రెస్కో లాంటిది. ఏది చూసినా అమ్మేవాళ్లు తెచ్చిన డెమో చూడకండి, మీ కాగితం వాళ్ల చేతికిచ్చి మీ ముందే నడపమనండి. సెలవులో ఉన్న అధికారి, డబ్బు అంకె మారి తిరిగొచ్చిన బిల్లు, మధ్యలో మారిన దారి, చూడకూడని మనిషి, ఈ నాలుగూ చేసి చూపించాలి. ఐదోది, మొత్తం డేటా, పత్రాలు, చరిత్రతో సహా బయటికి తీసి చూపించమనండి. తీసిన ఫైళ్లను ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఇక్కడ నీళ్లు నమిలితే వాళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

మొదలుపెట్టడానికి మీకున్న నాలుగింటిలో నేనైతే కొనుగోలు అభ్యర్థనలు తీసుకుంటాను. సెలవు కాగితాలు మరీ తేలిక, వాటిలో ఏదీ తెలిసిరాదు. బయటి ఉత్తరాలు ఒక్కోటి ఒక్కో దారి పడతాయి, మొదటే వాటిని పట్టుకుంటే తలప్రాణం తోకకొస్తుంది. వాటికి తర్వాతైనా స్థిరమైన దారి గీయకండి. చూసినవాళ్లు తర్వాత ఎవరికి పంపాలో ఎంచుకునేలా వదిలి, నంబరు, తేదీ, ఎవరి దగ్గరుంది అన్నవి మాత్రం సిస్టమ్ పట్టుకుంటే చాలు.

కాగితం, సిస్టమ్ రెండూ కలిపి నడిపే కాలం రెండు వారాలకు మించనివ్వకండి. ముగిసే తేదీ ముందే ప్రకటించండి. రెండు చోట్లా రాయాల్సి వస్తే జనం కాగితాన్నే నమ్ముతారు, సిస్టమ్‌లో నెలాఖరుకు కూర్చుని ఒక్కసారే ఎక్కిస్తారు. అప్పుడు అందులోని తేదీలన్నీ అబద్ధాలే. పాత బీరువాలన్నీ స్కాన్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ తేదీ నుంచి కొత్తగా పుట్టినవి సిస్టమ్‌లో నడుస్తాయి. సగం దారిలో ఉన్నవి కాగితం మీదే ముగుస్తాయి. బీరువాలోని పాత ఫైలు ఎప్పుడైనా అవసరపడి బయటికి తీస్తే, ఆ ఒక్కటీ అప్పుడు స్కాన్ అవుతుంది.